లేచి వెళ్ళండి, ఏమీ అనుకోను

కడియంలో బంగార్రాజు గారి నర్సరీకి ఒక చట్టం ఉంది. మొక్కలు ఎక్కించుకోవడానికి ఏ రాష్ట్రం నుంచి లారీ వచ్చినా, డ్రైవరు భోజనం చెయ్యకుండా ఆ లారీ గేటు దాటకూడదు. ఆకలి లేదన్న డ్రైవరు ఎందుకు లేదో చెప్పాలి. చెప్పాక కూడా పెరుగన్నం తినాలి. గోదావరి జిల్లాల మర్యాద గురించి బయటివాళ్ళు చాలా ముచ్చటగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. దాన్ని ఇంట్లో పెట్టుకుని కాపురం చేసేవాళ్ళకి తెలుస్తుంది దాని సంగతి.

ఆ ఇంటి కోడలు హరిచందన. పిఠాపురం అవతల వరి రైతు కూతురు. పెళ్ళయి కడియం వచ్చేనాటికి ఆమెకు తెలిసిన మొక్కలు రెండే, వరీ, వరిలో కలుపూ. మిగతావన్నీ సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇంట్లో మగవాళ్ళెవరికీ ఓపిక లేని పని ఒకటుండేది. హైదరాబాదు నుంచో విశాఖ నుంచో ఎవరో ఫోన్ చేసి, మీ దగ్గర కొన్న మల్లెమొక్క చచ్చిపోయిందండీ అంటారు. ఎందుకు చచ్చిపోయిందో చెప్పాలి. ఆ ఫోను కోడలి చేతికి వచ్చింది. రోజూ అదే ప్రశ్న, రోజూ అదే జవాబు. నీళ్ళు ఎక్కువయ్యాయండీ, ప్రేమ తగ్గించండి అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఒక ఆదివారం అదంతా శుభ్రంగా రాసి, అడిగినవాళ్ళందరికీ మెయిల్ చేసింది. దానికి కడియం కబురు అని పేరు పెట్టింది.

వాట్సాప్‌లో పెట్టొచ్చుగా అని అందరూ అన్నారు. వాట్సాప్‌లో పెడితే గుడ్ మార్నింగ్ గులాబీల కింద పడి నలిగిపోతుందని ఆమె భయం. ఉత్తరమంటే ఒక మనిషి పేరు మీద రావాలి, ఆ మనిషి తీరిగ్గా విప్పుకోవాలి. అలా ఆరేళ్ళు రాసింది. కావాలని అడిగినవాళ్ళకే పంపింది. ఒకరి నోట విని ఇంకొకరు చేరారు. ఆ ఊళ్ళో బోర్డుల మీదా బిల్లుల మీదా లారీల మీదా ఉండేది మామగారి పేరు. హరిచందన అని కింద సంతకం ఉండేది ఆ ఉత్తరం ఒక్కదానికే. అందుకే అదంటే ఆమెకు ప్రాణం.

ఆదివారం ఉత్తరం వెళ్ళాక, కాఫీ గ్లాసు అందుకుంటూ బంగార్రాజు గారు ఒకే మాట అనేవారు. "బాగుందమ్మా." ఆ ఒక్క మాట కోసం ఆమె గుమ్మం దగ్గర ఒక నిమిషం ఎక్కువ నిలబడేది. మామగారు పొగడ్తలకు పోయే మనిషి కాదు మరి.

గొడవ నరసాపురం నుంచి వచ్చిన ఫోనుతో మొదలైంది.

"ఏమ్మా చందనా, ఒంట్లో బాగుంటోందా?" అంది అన్నపూర్ణమ్మ. ఆవిడను చందన ఎప్పుడూ చూడలేదు. మొదటి ఏడాది నుంచీ చదువుతున్న మనిషి. మధ్యాహ్నం పూట ఆవిడ అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి లేసు అల్లుతారు. వాళ్ళ చేతులు ఖాళీ ఉండవు కాబట్టి అన్నపూర్ణమ్మ ఉత్తరాన్ని పైకి చదువుతుంది. ఈ సంగతి ఆవిడే ఎప్పుడో రాసింది.

"బాగానే ఉన్నానండి. ఏమైందండి?"

"నీ ఉత్తరం రావట్లేదు తల్లీ. ఒక వారం అంటే పనుందేమో అనుకున్నాం. రెండో వారం, పుట్టింటికెళ్ళిందేమో అనుకున్నాం. ఇప్పుడు మాతో లేసు అల్లే పాపాయి, ఆ పిల్లకేమన్నా అయ్యుంటాది, ఫోన్ చెయ్యవే అని ఒకటే గోల."

చందన ప్రతి ఆదివారమూ పంపుతూనే ఉంది. ఆ మాటే చెప్పి, స్పామ్ అనే డబ్బా ఒకటుంటుంది, అందులో చూడమంది. అన్నపూర్ణమ్మ వెతికింది. లాటరీ తగిలిందనే మోసగాళ్ళకీ, బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనే వాళ్ళకీ మధ్యలో కడియం కబురు దొరికింది.

"ఇక్కడ పడేశారేంటమ్మా నిన్ను?" అంది ఆవిడ. ఆ గొంతులో నిజమైన నొప్పి ఉంది.

ఎవరు పడేశారో చందనకూ తెలియదు. ఉత్తరాలు పంపిపెట్టే కంపెనీ పేజీ తెరిచి చూస్తే అక్కడ ఒక నోటీసు ఎదురుచూస్తోంది. మర్యాదగా, ఇంగ్లీషులో ఉంది. మీ ఉత్తరం అందుకున్నవారిలో చాలామంది దాన్ని చెత్త అని ఫిర్యాదు చేస్తున్నారు, మా హద్దు దాటిపోయింది, వచ్చే ఆదివారం సంచికకు కూడా ఇలాగే వస్తే మీ ఖాతా మూసివేస్తాం అని. ఎవరు ఫిర్యాదు చేశారని ఆమె రాస్తే, అది చెప్పడం కుదరదని జవాబొచ్చింది. ఆ జవాబు రాసింది మనిషి కాదనీ తెలుస్తూనే ఉంది.

వేరే కంపెనీకి మారదామా అనుకుంది. ఆ దారీ లేదు. ఈ లోకంలో లెక్క ఏంటంటే, కొంతమంది చెత్త అని గట్టిగా అంటే, మిగతావాళ్ళకి కూడా చెత్తగానే చూపిస్తారు. కోరి చదివే అన్నపూర్ణమ్మకు అందకపోవడం అందుకే. చెడింది పంపినావిడ పేరు. పేరు చెడ్డ మనిషి ఊరు మారితే మాత్రం ఏం లాభం, పేరు ముందే వెళ్ళి కూర్చుంటుంది. ఇంక ఒక్క ఉత్తరం. అది తేడా వస్తే ఆరేళ్ళ కడియం కబురు అక్కడితో సరి. బుధవారం పొద్దున్న ఆమె అన్నం సహించక, గిన్నె ముందు ఊరికే కూర్చుంది.

కోరి చేరినవాళ్ళు ఫిర్యాదెందుకు చేస్తారు? ఈ ప్రశ్న పట్టుకుని చేరినవాళ్ళ పేర్లు మొదటి నుంచీ చూసుకుంటూ వచ్చింది. ఏడాది కిందట ఒకేరోజు ఒక మంద చేరి ఉంది. ఆ పెరుగుదల ఆమెకు బాగా గుర్తే. అప్పట్లో కరివేపాకు మొక్క మీద ఒక ఉత్తరం రాసింది. అది జనానికి తెగ నచ్చేసిందని మురిసిపోయి, ఆ వారమంతా నేల మీద నడవలేదు. ఇప్పుడు పేర్లు చూస్తుంటే ముఖం వేడెక్కింది. అందులో నాగపూర్ నర్సరీవాళ్ళున్నారు. లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసుంది. ఉదయభాస్కర్ వేలు విడిచిన మేనమామ ఉన్నాడు. కల్యాణమండపం ఓనరున్నాడు. వీళ్ళెవరికీ కరివేపాకుతో పోపులో తప్ప పరిచయం లేదు.

ఉదయభాస్కర్ ఆమె భర్త. నర్సరీ ఆఫీసులో కంప్యూటర్ చూసేది అతనే.

"ఏవండీ, మన లారీ ట్రాన్స్‌పోర్టువాళ్ళు నా ఉత్తరం చదువుతున్నారా?"

అతను తెర మీంచి కళ్ళెత్తలేదు. అబద్ధమాడటం చేతకాని మనిషి అంతకన్నా ఏం చేస్తాడు.

"నాన్నగారు ఎక్కించమన్నారు చందూ. ఈ గది కట్టి పాలు పొంగించాం చూడు, ఆరోజు. వచ్చినవాళ్ళందరికీ మా కోడలు ఉత్తరం రాస్తాది, మీకూ పంపిస్తాం అని చెప్పుకొచ్చారు. తర్వాత నన్ను పిలిచి, బిల్లుల్లో ఉన్న మెయిళ్ళన్నీ కూడా కలిపెయ్యరా, ఒకళ్ళకి పంపి ఒకళ్ళకి పంపకపోతే బాగోదు అన్నారు. నీ పేజీ ఈ కంప్యూటర్లో తెరిచే ఉంది."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు అప్పుడు అంత సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదు."

అదీ సంగతి. ఈ నేల మీద ఎవరూ ఎవరికీ చెడు చెయ్యరు. ఒకరి సంతోషం ఒకరు చెడగొట్టలేక అందరూ కలిసి కొంప ముంచుతారు.

బంగార్రాజు గారు అంటుమామిడి మొక్కల లోడు దగ్గర నిలబడి ఉన్నారు. చందన విషయమంతా చెప్పింది. ఎక్కించింది మీరే కదా అన్న మాట మాత్రం గొంతులోనే ఆపుకుంది. ఆయన ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత కోపం తెచ్చుకున్నారు.

"ఎవడమ్మా ఫిర్యాదు చేసింది? పేరు చెప్పు."

"పేర్లు చెప్పరండి మావయ్యగారూ. ఎంతమందో చెప్తారంతే."

"మనవాళ్ళయ్యుండరు. ఆ నాగపూర్ వాళ్ళూ అటువైపోళ్ళూ అయ్యుంటారు. తెలుగు రాని వాళ్ళని తీసెయ్యి, వాళ్ళకి ఎలాగూ అర్థంకాదు. మనవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకు. పిలిచి బంతిలో కూచోబెట్టినోణ్ణి రెక్క పట్టుకుని లేపుతామా ఎక్కడన్నా?"

మనం పిలవలేదండీ, దారినపోయేవాళ్ళని ఎత్తుకొచ్చి విస్తరి ముందు కూచోబెట్టాం అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆమె కూడా ఈ నీళ్ళు తాగి పెరిగిందే కదా. తెలుగు రానివాళ్ళందరినీ ఆ సాయంత్రమే తీసేసింది. అది సరిపోదని ఆమెకు అర్థమవుతూనే ఉంది. ఫిర్యాదులు ఏడాదిగా మెల్లగా పెరుగుతున్నాయి. పరాయివాళ్ళయితే మొదటి నెలలోనే విసిరికొట్టేవాళ్ళు. ఇంతకాలం ఓర్చుకుని ఇప్పుడు మొదలుపెట్టారంటే బాగా తెలిసినవాళ్ళే అయ్యుండాలి. ఆ మాటే మామగారితో అంది.

"అయితే అడిగేద్దాం. అందులో ఏముంది?" అన్నారు మామగారు.

గురువారమంతా ఆయన వసారాలో కుర్చీ వేసుకుని ఫోన్ పట్టుకున్నారు. పెళ్ళిపిలుపులు కూడా అంత శ్రద్ధగా చెయ్యలేదేమో.

"ఒరే బుల్లియ్యా, మా కోడలి ఉత్తరం నీకు కావాలా వద్దా, నిజం చెప్పు. మొహమాటపడకు."

అవతల బుల్లియ్య మొహమాటపడ్డాడు. "అయ్యో, ఎంత మాటండి. ఆదివారం వచ్చిందంటే మీ కోడలుగారి ఉత్తరం కోసమే చూస్తామండి. తీసేస్తే ఊరుకోనండి, ఆయ్."

పెదబాబు అదే అన్నాడు. సత్తియ్య అదే అన్నాడు, పైగా తన బావమరిదికి కూడా పంపమన్నాడు. మేనమామ అయితే కన్నీళ్ళొక్కటే తక్కువ. సాయంత్రానికి ఆయన గెలిచిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావామ్మా. ఒక్కడు కూడా వద్దన్లేదు."

ఆ లెక్కన డెల్టా మొత్తం కడియం కబురు లేకపోతే నిద్రపోదు. మరి ఆ ఫిర్యాదులు ఎవరివి? మనిషి ముఖం మీద అడిగితే ఇక్కడ ఎవరూ వద్దనరు. వద్దనని మనుషుల్లోంచి వద్దనుకున్నవాళ్ళని ఎలా ఏరాలి? ఆదివారం దగ్గరకొచ్చేస్తోంది.

శనివారం పొద్దున్నే రాజమండ్రి బయల్దేరింది. మెయిన్ రోడ్డులో సత్యప్రసాద్ గారిది పెద్ద కొట్టు. నర్సరీలకు నీడవలలూ మొక్కల సంచులూ తాతల నాటి నుంచీ సరఫరా చేసే కుటుంబం. కడియం కబురును ఆయన పొగిడినట్టు ఎవరూ పొగడలేదు. ఎప్పుడు కనిపించినా, మీ చేతిలో సరస్వతి ఉందమ్మా అనేవారు. నలుగురు వచ్చిపోయే కొట్టు కాబట్టి అసలు సంగతి ఆయన చెవిన పడి ఉంటుందని ఆమె ఆశ.

"రండమ్మా రండి. కాఫీ తెప్పిస్తాను. ఏంటలా ఉన్నారు?"

చందన చెప్పింది. ఆయన విని నొచ్చుకున్నారు. "అయ్యయ్యో. అంత మంచి ఉత్తరానికి ఈ గతేంటండి. కలికాలం."

"మీకు సరిగ్గా వస్తోందాండి?"

"ఎందుకు రాదమ్మా, నిక్షేపంలా వస్తోంది. ఇదిగో, మీరే చూసుకోండి" అని, ఏ ధైర్యంతో ఇచ్చారో గాని, ఫోను ఆమె చేతికిచ్చి ఎవరో కొనుగోలుదారుడికి వల కొలవడానికి లేచారు.

ఇన్‌బాక్స్‌లో ఉత్తరం లేదు. ఆమె స్పామ్ డబ్బా తెరిచింది. వారం వారం ఉత్తరాలన్నీ అక్కడే ఉన్నాయి. ఆయన డబ్బాలో కూడా దానంతటదే పడిందేమో అనుకుంటూ ఒకటి విప్పింది. పైన ఫోను చిన్న అక్షరాల్లో చెబుతోంది, ఇది ఇక్కడెందుకుందంటే, మీరే దీన్ని స్పామ్ అని ఫిర్యాదు చేశారు కాబట్టి. ఇంకొకటి విప్పింది. అదే మాట. ఆ కిందిదీ అంతే.

సరస్వతి ఉందమ్మా అన్న మనిషి ప్రతి వారం, ఒక్క వారం తప్పకుండా, ఆమెను చెత్తలో వేస్తున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్లో ఏడవడం బాగోదని బిగపట్టుకుంది. సత్యప్రసాద్ గారు వచ్చేసరికి ఫోను తెర ఆయనకేసి తిప్పి ఉంది.

మీటరు బద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

"అది ఫిర్యాదని నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి. "ఒట్టు. పక్కకి పెట్టేది అనుకున్నాను. నాకు కొట్టుతోనే తెల్లారిపోద్ది, చదివే తీరికుండదు. కిందనేదో అన్‌సబ్‌స్క్రైబ్ అని ఉంటాది గాని, అది నొక్కితే మీకు కబురెళ్ళిపోద్దంట కదా. ఫలానా సత్యప్రసాద్ మానేశాడని మీకు తెలిస్తే ఏం బాగుంటాది? రేపు బంగార్రాజు గారి మొహం ఎలా చూడను? ఇది నొక్కితే ఎవరికీ తెలీదు, గమ్మున పక్కకెళ్ళిపోద్దని మా అల్లుడు చెప్పాడు. అందుకని ఇదే నొక్కుతున్నాను." ఆయన గొంతు తగ్గింది. "కొట్టుకొచ్చిన మనవాళ్ళకి కూడా నలుగురికీ ఇదే చూపించానమ్మా. పాపం వాళ్ళూ మీకు చెప్పలేక అవస్థ పడుతుంటే."

మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటి తెలుగువాళ్ళందరికీ తెలుసు, ఇక్కడ రాయడం బాగోదు. కక్ష కట్టినవాడైనా ఇంత పకడ్బందీగా ఆమె పేరు చెడగొట్టలేడు. ఆమె మనసు కష్టపెట్టకూడదని ఊరంతా కలిసి చేసిన పని ఇది.

"కాఫీ చల్లారిపోతోందమ్మా," అన్నారు ఆయన దీనంగా. ఆమె తాగింది. తాగకుండా లేస్తే ఆయన ఆ రాత్రి భోజనం చెయ్యరని తెలుసు.

ఇంటికొచ్చేసరికి ఏం చెయ్యాలో ఆమెకు తెలిసిపోయింది. మధ్యాహ్నం కూర్చుని రాసేసింది. ఈసారి మొక్కల ఊసే లేదు. పైన పేరు, లేచి వెళ్ళండి, ఏమీ అనుకోను. దాని కిందే, వేలు పెడితే తప్పిపోనంత పెద్ద బటన్. ఉదయభాస్కర్ వసారాలో తండ్రికి పైకి చదివి వినిపించాడు.

"మీలో కొందరిని నేను అడక్కుండానే పిలిచాను. తప్పు నాది. తీరిక లేనివాళ్ళు, మొక్కలంటే సరదా లేనివాళ్ళు, సరదా ఉన్నా నా రాత నచ్చనివాళ్ళు పైనున్న బటన్ నొక్కి వెళ్ళిపోండి. స్పామ్ అని మాత్రం నొక్కకండి. అది నొక్కితే నా ఉత్తరం చదివేవాళ్ళకి కూడా అందదు, రేపటి నుంచి అసలు ఉత్తరమే ఉండదు. ఎవరు వెళ్ళారో చూసే వీలు నాకుంది. చూడను. మీరు ఎప్పుడు కనబడినా ఎప్పట్లాగే కాఫీ ఇస్తాను, ఉత్తరం ఊసెత్తను. ఇది నా మాట."

బంగార్రాజు గారి ముఖం కందగడ్డలా అయింది. "లేచి వెళ్ళమని రాస్తావా? ఇంటికొచ్చినోణ్ణి? ఇది మా ఇంటా వంటా లేదమ్మా. అందరూ కావాలన్నారు, నేను నా చెవులారా విన్నాను."

"అన్నారండి. కానీ తినట్లేదు మావయ్యగారూ." అంది చందన. "మీరు బలవంతాన వడ్డిస్తున్నారు, వాళ్ళు కాదనలేక ఆకు కింద దాచేస్తున్నారు. లేచాక ఆకెత్తి చూస్తే అంతా అక్కడే ఉంటోంది. సిగ్గుపడేది నేనూ, ఆకలితో ఉండిపోయేది నరసాపురం అరుగు మీదున్నవాళ్ళూ."

ఆ ఇంట్లో ఆమె మామగారికి ఎదురుచెప్పడం అదే మొదలు. సత్యప్రసాద్ గారి పేరు మాత్రం ఎత్తలేదు. ఆయన గట్టిగా తిడతారనుకుంది. తిట్టలేదు. కండువా భుజం మీద వేసుకున్నారు. "నీ ఇష్టం" అని మామిడి మొక్కల వైపు వెళ్ళిపోయారు. ఆ రెండు మాటల్లో కోపముందో ఇంకేముందో ఆమెకు అంతుబట్టలేదు.

ఆదివారం పొద్దున్న పంపే ముందు ఉదయభాస్కర్ ఇంకొకసారి అడిగాడు. "నాన్న ఎక్కించినవాళ్ళని చెప్పకుండా తీసేస్తే గొడవుండదుగా చందూ. అందరికీ పంపితే, అందరూ మళ్ళీ ఆ స్పామే నొక్కితే?"

"నొక్కితే పోద్ది," అంది ఆమె. "ఎత్తుకొచ్చినవాళ్ళు ఎవరో మనకి తెలుసు గాని, మొహమాటానికి ఉన్నవాళ్ళు ఎవరో ఎలా తెలుస్తాదండి? నేను పిలిచినవాళ్ళలోనూ ఉండొచ్చు. ఒక్కసారి తెలిసిపోనీండి."

నొక్కింది. వెంటనే వెనక్కి తీసుకోవాలనిపించింది. ఉత్తరాన్ని వెనక్కి తీసుకునే బటన్ మాత్రం ఆ కంపెనీ పెట్టలేదు.

అరగంటలోపే జనం లేవడం మొదలైంది. పేజీ మీద మొత్తం సంఖ్య తగ్గుతూ వస్తోంది. చూస్తూ ఉంటే కళ్ళ ముందే పందిరి ఖాళీ అవుతున్నట్టుంది. పక్కనే ఇంకొక లింకు. దాన్ని నొక్కితే వెళ్ళినవాళ్ళ పేర్లు కనపడతాయి. ఒక్కసారి చూస్తే ఎవరికి తెలుస్తుంది? పిఠాపురంలో ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఉందో లేదో, కిందటి వారమే ఎంత బాగా రాశావో అన్న పిన్ని ఉందో లేదో. వేలు దాని దాకా వెళ్ళింది. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి చెయ్యి వెనక్కి లాక్కుని, కంప్యూటర్ మూసి, వంటింట్లోకి పోయి అక్కర్లేని గిన్నెలు కూడా తోమింది. మామగారు ఆ పూట కాఫీ తాగి, గ్లాసు పెట్టి వెళ్ళిపోయారు. బాగుందమ్మా అనలేదు.

మర్నాడంతా కంపెనీ నుంచి కబురు లేదు. మంగళవారం మధ్యాహ్నం ముందు నరసాపురం నుంచి ఫోనొచ్చింది.

"వచ్చిందమ్మా," అంది అన్నపూర్ణమ్మ. "ఈసారి ముందు గదిలోకే వచ్చింది. చదివి వినిపించాను. మా పాపాయి ఏమందంటే, ఆ పిల్ల మనల్ని పొమ్మంటుందేంటే, పోతే అల్లేటప్పుడు ఏం వినాలి అని. మేం లేవం తల్లీ. నువ్వు పొమ్మన్నా లేవం."

చందన ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. ఊఁ అంది.

సాయంత్రం కంపెనీ జవాబొచ్చింది. ఫిర్యాదులు హద్దులోకి దిగాయి, ఖాతా కొనసాగుతుంది, మీ సహకారానికి కృతజ్ఞతలు అని. చదివేవాళ్ళు సగానికి సగం తగ్గారు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పోయిన సగం ఏనాడూ లేని సగమేనని తనకు తాను చెప్పుకుంది. నిజమే, అయినా నొప్పి నొప్పే.

ఆ కబురు చెబుదామని మొక్కల వైపు వెళ్ళింది. బంగార్రాజు గారు ఒక అంటు దగ్గర వంగి, కట్టిన ప్లాస్టిక్ ముక్కను ఊరికే సర్దుతున్నారు.

"ఖాతా ఉంచారండి మావయ్యగారూ."

"మంచిదమ్మా." తలెత్తలేదు. కాసేపటికి అడిగారు, "చాలామంది లేచారా?"

"లేచారండి."

"ఎవరెవరు?"

"చూడలేదండి. చూడనని రాశాను కదా."

"నిజంగా చూడలేదా?"

"లేదండి."

ఆయన నడుం పట్టుకుని మెల్లగా నిలబడ్డారు. కోడలి వైపు కాకుండా మొక్కల వరుస వైపు చూస్తూ అన్నారు, "నేను కూడా లేచానమ్మా."

చందన ఆయన వైపు తిరిగింది.

"ఆ చిన్న అక్షరాలు నా కంటికి ఆనవు. ఆనినా, పొద్దస్తమానం మొక్కల్లోనే ఉంటాను కదా, మళ్ళీ మొక్కల గురించే చదవబుద్ధయ్యేది కాదు. ఆ సంగతి నీకెలా చెప్పను?"

ఆరేళ్ళ ఆదివారాలు, ఆరేళ్ళ బాగుందమ్మాలు. ఆమెకు కోపమొచ్చింది, నిజంగానే వచ్చింది. ఆ కోపంలోనే ఇంకొక అనుమానం కలిగింది.

"మావయ్యగారూ, ఏ బటన్ నొక్కారండి?"

"పైన పెద్దగా పెట్టావు కదా, అదే."

"మరి అంతకుముందు?"

ఊరందరికీ తన చేత్తో వడ్డించిన మనిషి, తల వంచుకుని నిలబడ్డారు.

"అంతకుముందు, సత్యప్రసాద్ చూపించాడమ్మా. ఏది నొక్కితే నీకు తెలీదో."

ఏమీ అనుకోనని చందన రాసిచ్చింది కదా. అనుకోకుండా ఉండటం ఎంత కష్టమో రాసినప్పుడు తెలియలేదు. ఇంటికెళ్ళి కాఫీ కలిపి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఇద్దరూ ఆ వరుసల మధ్యే నిలబడ్డారు, ఆయన తాగారు, ఆమె గ్లాసు తీసుకుని వచ్చేసింది.

తర్వాతి ఆదివారం కడియం కబురు మళ్ళీ మొక్కల గురించే వెళ్ళింది. సగం మందికే వెళ్ళింది. వసారాలో మామగారికి కాఫీ ఇచ్చి, అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగబోయి, ఇంక ఆగి ఏం లాభం అనుకుని లోపలికి తిరిగింది.

"అమ్మాయ్," అని పిలిచారు బంగార్రాజు గారు. పక్కనున్న కుర్చీ మీది కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఈ వారం ఏం రాశావు?"

ఆరేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. చందన వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.